పదో తరగతి స్పాట్: శిక్షణగా చూస్తే ఎన్ని మార్కులు?

మా ఉపాధ్యాయులకిచ్చే వేసవి శిక్షణ తరగతులకు మార్కులు వేయమంటే నేను టీకి, బిస్కెట్లకు మాత్రమే వేస్తాను. పదో తరగతి జవాబుపత్రాలు దిద్దే స్పాట్‌కు మాత్రం ఐదుకు నాలుగు. అనంతపురం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో గణితం చెబుతాను. ఆ సబ్జెక్టుకు బడిలో నేనొక్కడినే. ఒక లెక్కకు మార్కులు ఎలా వేయాలో వాదించడానికి కూడా తోడు లేదు. ఆ లోటు స్పాట్‌లో తీరుతుంది.

ముందు మూల్యాంకన సూత్రాలు చదువుతారు, అసలు రసమంతా అక్కడే. ఎత్తులు–దూరాలు లెక్కలో పటం సరిగ్గా ఉంది, టాన్ 60 డిగ్రీల విలువ తప్పింది, మిగతా పద్ధతి నిక్కచ్చిగా ఉంది. ఎన్ని మార్కులు కోయాలి? గుంతకల్లు సారు ఒకటి అంటారు, రాయదుర్గం మేడమ్ రెండు అంటారు. చీఫ్ ఎగ్జామినర్ తేల్చాక ఆ బల్ల చుట్టూ అందరిదీ ఒకే లెక్క. 8 మార్కుల ప్రశ్నను సోపానాలుగా విడదీసి చూడటం నాకు బీఎడ్‌లో రాలేదు, ఇక్కడే వచ్చింది.

తర్వాత కట్టలు విప్పితే వేరే జిల్లా పిల్లల రాతలు. ప్రాథమిక అనుపాత సిద్ధాంతానికి పటంలో త్రిభుజానికి పీక్యూఆర్ అని రాసి, నిరూపణ మొత్తం ఏబీసీతో నడిపినవారు ఎందరో! కంఠస్థం చేశారన్నమాట. బాహుళకం (మోడ్) లెక్కలో తరగతి దిగువ హద్దుకు బదులు ఎగువ హద్దు వేయడం మరో రకం. మా పిల్లలే అలా రాస్తారని ఇన్నాళ్లూ విసుక్కునేవాడిని. ఊరు మారినా తప్పు మారదని తెలిశాక విసుగు పోయింది. ఇప్పుడు తొమ్మిదో తరగతిలోనే త్రిభుజం పేర్లు రోజుకొకటి మారుస్తున్నాను. పిల్లలు తిట్టుకుంటున్నారు, తిట్టుకోనివ్వండి.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, మనిషికి రోజుకు 40 పేపర్లు. ఉదయం ఓపికగా చదివిన కన్ను సాయంత్రానికి జవాబును వదిలి మార్కు కోసం వెతుకుతుంది. పైగా ఏ తప్పు ఎక్కువగా కనబడింది, ఎందుకు అని చివరి రోజు ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడించేవారు లేరు. కట్టలతో పాటే ఆ జ్ఞానాన్నీ మూటగట్టి పంపేస్తారు. ఆ గంట పెడితే ఐదుకు ఐదు ఇస్తాను.

ఏప్రిల్ ఎండకు జడిసి, నడుము నొప్పి అంటూ మినహాయింపు కోరే కొత్త మాస్టార్లకు నా సలహా: రెండు మూడేళ్లయినా వెళ్లండి. పరిహారం కోసమైతే వద్దు, అది ఎంతో తెలిస్తే మీరే నవ్వుతారు. వాదించనిచ్చే చీఫ్ ఎగ్జామినర్ బల్ల దగ్గర చోటు దొరికితే వదలకండి. పొద్దున వీధి బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ తినండి కానీ, బజ్జీలు రెండుతో ఆపండి; మధ్యాహ్నం కట్ట ముందు కునుకు పడుతుంది.