ఎనుమాముల నుంచి కృత్తికల దాకా

మిర్చి సీజన్ అయిపోతే మా అడ్తి దుకాణంలో లెక్కల పని సగానికి తగ్గుతుంది. ఈసారి ఆ రెండు నెలలూ రాత్రి భోజనం కాగానే హన్మకొండలో మా మేడ మీది గదిలో కూర్చుని మూడు ఆన్‌లైన్ అంతరిక్షాలు తిరిగాను. ఆటలే అయినా కొత్త ఊరికి పోయినప్పుడు చూసేవే చూశాను. దారి ఎలా ఉంది, బస ఎక్కడ, ఆపదలో పడితే ఎవరొస్తారు?

నో మ్యాన్స్ స్కైకి నన్ను తీసుకుపోయింది మా మేనల్లుడు. 2016లో వచ్చిన ఆట. ఒక్కసారి కొంటే చాలు, తర్వాతి పెద్ద మార్పులన్నీ ఉచితంగానే ఇచ్చారు. ఆకాశం నుంచి నేల దాకా ఎక్కడా ఆగకుండా ఓడ దిగుతుంది. ఊదారంగు గడ్డి ఉన్న ఒక గ్రహం మీద దిగి "మామా, ఇక్కడే ఇల్లు కడదాం" అన్నాడు వాడు. కట్టాం. బసకు ఇంత హాయైన చోటు మిగతా రెండింటిలో లేదు, పిల్లలతో ఆడాలంటే నేను చెప్పేది ఇదే. కానీ స్టేషన్లు లోపల చాలావరకు ఒకే పోలికతో ఉంటాయి. ఇంధనం కావాలంటే నేల తవ్వితే దొరుకుతుంది. టెలిపోర్టర్ ఉంటే ఎంత దూరమైనా ఒక్క అడుగే. నాలుగో రాత్రికి నాకు దూరమంటే భయం పోయింది, దానితో పాటే ప్రయాణం మీద మోజూ తగ్గింది.

ఈవ్ ఆన్‌లైన్‌లో ఆ భయం మొదటి రోజే పట్టుకుంది. ఐస్‌లాండ్ వాళ్లు 2003లో మొదలుపెట్టిన ఈ ఆటలో చైనా తప్ప లోకమంతా ఒకే సర్వర్ మీద ఆడుతుంది. ఏడు వేలకు పైగా నక్షత్ర మండలాలున్నాయి. సర్వర్ లండన్‌లో ఉన్నా సెకనుకోసారే లెక్క చూస్తుంది కాబట్టి మన నెట్ కాస్త నెమ్మదించినా నష్టం లేదు. వేలమంది ఒకచోట యుద్ధానికి దిగితే ఆటలోని కాలాన్నే పదో వంతు వేగం దాకా తగ్గిస్తారు. రోజూ మన సాయంత్రం నాలుగున్నరకు కాసేపు ఆపుతారు. ఉచితంగానే మొదలుపెట్టొచ్చు, కొన్ని ఓడలు, నైపుణ్యాలు మాత్రం డబ్బు కడితేనే అందుతాయి.

ఈవ్‌లో అన్నిటికన్నా పెద్ద అంగడి జీటా. అది చూడగానే నాకు మా ఎనుమాముల మార్కెట్ గుర్తొచ్చింది. నాలుగో గ్రహం, నాలుగో చందమామ దగ్గరున్న ఆ స్టేషన్‌కు అన్ని దిక్కుల నుంచీ సరుకు వస్తుంది. మా దగ్గర పొద్దున జెండా పాట అనే వేలంతో ధర తెరుచుకుంటుంది, ఆ తర్వాత కాయను బట్టి బస్తా బస్తాకూ మారుతుంది. జీటాలో పాట రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది. ధర కట్టేదీ, సరుకు తయారు చేసేదీ దాదాపుగా ఆటగాళ్లే. బ్రోకర్ రుసుము, పన్ను పోగా మిగిలేది లెక్కేయడం నా చేతికి అలవాటైన పని, అందుకే తొందరగా నిలదొక్కుకున్నాను. తర్వాత ఉయెడామా అనే నక్షత్ర మండలం దారిలో కొందరు ఆటగాళ్లు నా సరుకు ఓడను పేల్చేశారు. కాంకర్డ్ పోలీసులు వచ్చి వాళ్ల ఓడలనూ కూల్చారు కానీ, పోయిన సరుకును ఎవరూ తెచ్చివ్వరు. బీమా ఓడకే వర్తిస్తుంది. నాలుగు రాత్రుల సంపాదన పోయింది. బాధపడ్డాను, అయినా అన్యాయం అనిపించలేదు. దారిలో దోపిడీ భయం ఉంది కాబట్టే ఒకచోట చవకైన సరుకుకు ఇంకోచోట ధర పలుకుతుంది. కాకపోతే పగలంతా బస్తాల లెక్క రాసినవాడికి రాత్రి కూడా అదే లెక్క బరువే.

2014లో వచ్చిన ఎలైట్ డేంజరస్ దగ్గర ఆగిపోయాను. మన పాలపుంతనే అసలు కొలతలతో, నలభై వేల కోట్ల నక్షత్ర మండలాలతో పెట్టారు. స్టేషన్‌లో దిగాలంటే అనుమతి అడగాలి. వాళ్లిచ్చిన నంబరు ప్యాడ్ మీద పది నిమిషాల్లో దిగాలి. తిరుగుతున్న స్టేషన్‌తో పాటే ఓడనూ తిప్పుతూ ఆ సన్నటి ద్వారంలోంచి దూర్చాలి. మొదటిసారి చెమట పట్టింది. ఓడ పోతే విలువలో 5 శాతం కట్టి తిరిగి తీసుకోవచ్చు. హటన్ ఆర్బిటల్ అనే స్టేషన్‌కైతే మామూలు ఇంజిన్‌తో ఊరికే కూర్చుని గంటకు పైగా పోవాలి, కాజీపేటలో రైలెక్కి భువనగిరి దాటేంత సేపు. నాకు ఆ ఖాళీ సమయమే నచ్చింది.

చిన్నప్పుడు మా నాయనమ్మ వాకిట్లో మంచం మీద పడుకోబెట్టి కృత్తికలను చూపించేది. ఆటలో అక్కడికి సుమారు 400 కాంతి సంవత్సరాలు. కృత్తికల్లో ఒకటైన మాయా అనే నక్షత్రం ముందు ఓడ ఆపినప్పుడు తెర నిండా ఆ నీలి వెలుగు చూసి చాలాసేపు కదలలేదు.

తిరుగు దారిలో తప్పు చేశాను. ఇంధనాన్ని నక్షత్రం నుంచే తోడుకోవాలి, అన్ని నక్షత్రాలూ ఇవ్వవు. వరసగా ఇంధనం ఇవ్వని మసక గోధుమరంగు మరుగుజ్జు నక్షత్రాలే తగిలి ట్యాంకు ఖాళీ అయింది. ఫ్యూయల్ ర్యాట్స్ అని ఆటగాళ్లే నడిపే ఒక బృందం ఉంది. రాత్రి ఒంటిగంటకు వాళ్ల చాట్‌లో రాశాను. ఆక్సిజన్ గడియారం నడుస్తున్నదా అని ముందు అడిగారు. నడుస్తుంటే వెంటనే ఆటలోంచి బయటికి రమ్మంటారు, అప్పుడు ఆ గడియారం ఆగి ప్రాణం నిలిచి ఉంటుంది. అరగంటలో ముక్కూమొహం తెలియని ఒకాయన చీకట్లోంచి వచ్చాడు. చిన్న డ్రోన్లతో ఇంధనం నింపాడు. ఏమీ తీసుకోకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఈ ఆటలోనే కొలోనియా అనే దూరపు ఆవాసం దాకా పోవాలని ఉంది. 22,000 కాంతి సంవత్సరాలు. నా ఓడ నక్షత్రం నుంచి నక్షత్రానికి ఒక్కో దూకుకు 30 కాంతి సంవత్సరాలు పోతుంది, అంటే ఏడు వందల ముప్పై పైచిలుకు దూకులు. రాత్రికి ఇరవై చొప్పున పోతున్నాను, ప్రతి దూకుకూ ముందు అవతలి నక్షత్రం ఏ రకమో చూసుకుని.