రాజమండ్రి ఫ్లైట్ సిమ్యులేటర్ సెంటర్: నిజం చెప్పి నేర్పిస్తారు

నాకు టైప్ 1 డయాబెటిస్. ఇన్సులిన్ వాడేవాళ్లకి మన దగ్గర పైలట్ మెడికల్, అంటే విమానం నడపడానికి ఫిట్ అనే ఆరోగ్య సర్టిఫికెట్, ఇవ్వరు. వేరే ఊరి కోచింగ్‌లో ఈ మాట చెప్పకుండానే ఫీజు కట్టమన్నారు. ఇక్కడి సార్ మాత్రం, "ముందు క్లాస్ 2 మెడికల్ (శిక్షణ మొదలుపెట్టేవాళ్లకి కావాల్సిన సర్టిఫికెట్) సంగతి తేల్చుకోమ్మా, డబ్బు తర్వాత" అన్నారు. రాదని తేలాక కూడా నన్ను వద్దనలేదు. సెస్నా 172 అనే చిన్న విమానం సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, తెరమీద మధురపూడి (రాజమండ్రి ఎయిర్‌పోర్ట్) రన్‌వే మీద దించడం ఓపిగ్గా నేర్పుతున్నారు. షుగర్ పడిపోతే స్క్రీన్ ఆపేసి, నేను గ్లూకోజ్ నీళ్లు తాగి తేరుకునేదాకా ఆగుతారు. అమెరికాలో 2019 నుంచి, గ్లూకోజ్ సెన్సర్ రీడింగులు చూసి ఇన్సులిన్ వాడే కమర్షియల్ పైలట్లకీ మెడికల్ ఇచ్చే విషయం పరిశీలిస్తున్నారని చెప్పి, ఆ నిబంధనలు ప్రింట్ తీసిచ్చిందీ ఆయనే. రడర్ పెడల్స్ (విమానం ముక్కుని పక్కలకి తిప్పే కాలి పెడల్స్) కాస్త వదులు, ఏసీ అంతంతమాత్రం. అయినా అమలాపురం నుంచి బస్సెక్కి వెళ్తున్నాను. ఆదివారం రద్దీ, ఫోన్ చేసి వెళ్లండి.