అల్మరాలో నాలుగు జెర్సీలు: ఓక్లాండ్ ఏస్ బేస్‌బాల్ టీము ఫ్యాన్‌గా ఇరవై ఏళ్లు వాడాక

మిక్సీకో వాషింగ్ మెషీన్‌కో రివ్యూ రాస్తారు గానీ, ఫ్యాన్‌గా ఉండటానికి రివ్యూ ఏంటండీ అని మా ఆవిడ నవ్వింది. ఇరవై ఏళ్లు వాడినదానికి రాయకూడదా? టికెట్లకీ టీవీ ప్యాకేజీలకీ జెర్సీలకీ పోసిన డబ్బు లెక్కేస్తే ఇంట్లో ఏ వస్తువు మీదా అంత పెట్టలేదు. పైగా దానికి వారంటీ కూడా లేదు.

2005లో తెనాలి నుంచి ఉద్యోగం మీద కాలిఫోర్నియాలో, ఓక్లాండ్ దగ్గరున్న ఫ్రీమాంట్‌లో దిగాను. అదే ఏడు లూ వోల్ఫ్, జాన్ ఫిషర్ కలిసి సుమారు 18 కోట్ల డాలర్లకు ఓక్లాండ్ అథ్లెటిక్స్ (ముద్దుగా ఏస్) టీమును కొన్నారు. అంటే ఫిషర్ గారూ నేనూ ఒకే బ్యాచ్. ఆయన గ్యాప్ బట్టల కంపెనీ పెట్టినవాళ్ల కొడుకు, నేను అద్దె అపార్ట్‌మెంట్‌లో ముగ్గురితో సర్దుకున్నవాణ్ని. అంతే తేడా.

ఆఫీసులో ఒకతను బుధవారం ఆటకి లాక్కెళ్లాడు. అప్పట్లో బుధవారం టికెట్ రెండు డాలర్లు, హాట్‌డాగ్ ఒక డాలరు. బార్ట్ రైలు దిగి ఇనుప కంచెల మధ్య పొడుగాటి వంతెన మీద నడుస్తుంటే, పక్కన బండ్ల మీద ఉల్లిపాయలు మాడుతున్న వాసన వచ్చింది. తెనాలి మెయిన్ రోడ్ మీద మిర్చి బజ్జీల బండి గుర్తొచ్చి అక్కడికక్కడే ఈ ఊరు నచ్చేసింది. బయటి తిండి లోపలికి తెచ్చుకోనిచ్చేవారు కాబట్టి పెళ్లయ్యాక మా ఆవిడ పులిహోర డబ్బాతో వచ్చేది. రైట్ ఫీల్డ్ బెంచీల్లో డప్పులు కొట్టే బ్యాచ్ ఒకటి ఉండేది. ఆ మోత తొమ్మిది ఇన్నింగ్సులూ ఆగేది కాదు.

ఇక సరుకు సంగతి.

నా అల్మరాలో నాలుగు జెర్సీలున్నాయి. డాన్ హేరన్, యోయెనిస్ సెస్పెడెస్, జాష్ డొనాల్డ్‌సన్, మ్యాట్ ఓల్సన్. నలుగురినీ టీము ట్రేడ్ చేసేసింది, అంటే వేరే టీముకిచ్చి బదులు వాళ్ల ఆటగాళ్లను తెచ్చుకుంది. మొదటిది 2007 డిసెంబర్‌లో: హేరన్‌ని అరిజోనాకి ఇచ్చి ఆరుగురు కుర్రాళ్లను తెచ్చారు. జెర్సీ కొని ఏడాది కూడా కాలేదు. ఆ ఆరుగురిలో కార్లోస్ గొంజాలెజ్ ఒకడు. మరుసటేడు అతన్ని మరో ఇద్దరితో కలిపి కొలరాడోకి పంపి మ్యాట్ హాలిడేని తెచ్చారు. ఇంకో ఎనిమిది నెలలకి హాలిడే సెయింట్ లూయిస్ బస్సెక్కాడు. నాకు బేస్‌బాల్ రూల్స్ కంటే ముందు ఈ పద్దులే కంఠతా వచ్చాయి.

ట్రేడ్ అనే మాట మనవాళ్లకి ఐపీఎల్ పుణ్యమా అని అలవాటైంది. హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబై వెళ్లినప్పుడు ఎంత గొడవైందో చూశాం. ఇక్కడ అది రోజువారీ వ్యవహారం. ఒప్పందంలో ప్రత్యేకంగా రాయించుకుంటే తప్ప, లేదా పదేళ్ల సర్వీసుండి అందులో చివరి ఐదేళ్లు ఒకే టీములో ఉంటే తప్ప, ఆటగాణ్ని అడగాల్సిన పనే లేదు. మొదటి ఆరేళ్ల సర్వీసు క్లబ్బు చేతిలో ఉంటుంది. అందులో సుమారు మూడేళ్లు కనీస జీతం, తర్వాత మూడేళ్లు ఆర్బిట్రేషన్ (జీతం మీద తేడా వస్తే మధ్యవర్తులు తేల్చే పద్ధతి) మీద ఏటా పెరుగుతూ పోతుంది. ఆరేళ్లు నిండాయా, ఫ్రీ ఏజెంట్. ఎవరెక్కువిస్తే వాళ్ల దగ్గరికి పోవచ్చు.

డబ్బున్న టీము ఆరో ఏడు దాటాక కూడా పట్టుకుంటుంది. లేనివాళ్లు నాలుగో ఏడో ఐదో ఏడో, ఇంకా ధర పలుకుతుండగానే మార్చేసుకుంటారు. 2002లో న్యూయార్క్ యాంకీస్ జీతాల బిల్లు పన్నెండున్నర కోట్ల డాలర్ల చుట్టూ ఉంటే ఓక్లాండ్‌ది నాలుగు కోట్లు. అయినా ఇద్దరూ చెరో 103 ఆటలు గెలిచారు. ఓక్లాండ్ వరసగా 20 గెలిచింది. ఆటగాళ్ల బేరాలు చూసే జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ పేరు అక్కడే మోగింది. చెడ్డ బంతుల్ని కొట్టకుండా వదిలేసి 'వాక్' మీద ఊరికే బేస్‌కి చేరేవాణ్ని మార్కెట్లో ఎవరూ పట్టించుకోవట్లేదని కనిపెట్టి చవగ్గా కొన్నాడాయన. తర్వాత అందరూ అదే నేర్చుకున్నారు, చవక పోయింది. అది వేరే సంగతి.

ట్రేడులను తిట్టడానికి కూర్చున్నాననుకోకండి. మొదట్లో ఏడ్చాను, నిజమే. తర్వాత వాటి రుచి తెలిసింది.

2014 చూడండి. జులైలో లీగ్ మొత్తంలో మాదే బెస్ట్ రికార్డు. ఇంకేం కావాలి? బీన్ ఆగలేదు. ఎంతో ఆశ పెట్టుకున్న షార్ట్‌స్టాప్ కుర్రాడు ఆడిసన్ రస్సెల్‌ని చికాగో కబ్స్‌కి ఇచ్చి జెఫ్ సమార్జాని, జేసన్ హామెల్‌ని తెచ్చాడు. నెలాఖరుకి సెస్పెడెస్‌ని బోస్టన్‌కిచ్చి జాన్ లెస్టర్‌ని దించాడు. నా రెండో జెర్సీ ఆ రోజు పోయింది. సెప్టెంబర్ 30న కాన్సస్ సిటీలో ఒకే ఒక్క నాకౌట్ ఆట. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 7-3 ఆధిక్యం. నేను సోఫాలో చోటు మారకుండా కూర్చున్నాను, మారితే దరిద్రం పడుతుందని. పన్నెండో ఇన్నింగ్స్‌లో 9-8తో ఓడిపోయాం. ఆఖరి బంతి థర్డ్ బేస్ దగ్గర డొనాల్డ్‌సన్ దూకినా అందకుండా లైన్ పక్కనుంచి జారిపోయింది. ఓక్లాండ్ బట్టల్లో అతను దూకిన ఆఖరి బంతి అదే. రెండు నెలలకి టొరంటోకి ట్రేడ్ చేశారు, ఇంకా నాలుగేళ్లు మా చేతిలో ఉండగానే. మరుసటేడు అతను అమెరికన్ లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు. బదులొచ్చిన నలుగురిలో ఒక్కడూ ఆ స్థాయి దరిదాపుల్లోకి రాలేదు. ఇరవై ఏళ్లలో నాకు తెలిసి ఇంతకంటే చెడ్డ బేరం లేదు, దీనికి సాకులు వెతకను.

కానీ రస్సెల్ బేరం అక్కడ ఆగిపోలేదు. ఆ డిసెంబర్‌లోనే సమార్జాని చికాగో వైట్ సాక్స్‌కిచ్చి మార్కస్ సెమియెన్‌ని, క్రిస్ బాసిట్‌ని తెచ్చారు. 2018లో, 2019లో 97 చొప్పున గెలిచిన టీముకి వాళ్లిద్దరూ స్తంభాలు. 2022లో బాసిట్‌ని న్యూయార్క్ మెట్స్‌కిస్తే వచ్చినవాళ్లలో జె.టి. జిన్ అనే పిచర్ (బంతి విసిరేవాడు) ఉన్నాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తాడు.

మా నాన్న పొలం పద్దు రాసేవాడు. ఏ ఎద్దుని అమ్మి ఏ గేదెని కొన్నాడో, ఆ గేదె దూడ ఎవరింటికి పోయిందో అన్నీ అందులో ఉండేవి. ట్రేడులు నాకలా కనపడతాయి. అమ్మడం తప్పు కాదు. సంతకి తోలుకెళ్లినవాడు తిరిగి ఇంటికి ఏదో ఒకటి తోలుకురావాలి.

ఇక్కడే యాజమాన్యం సంగతి మొదలవుతుంది.

మా స్టేడియం కొలీజియం పాతది, 1966లో కట్టింది. 2013లో డ్రైనేజీ పొంగి డ్రెస్సింగ్ రూముల్లోకొచ్చింది. 1990లలో అమెరికన్ ఫుట్‌బాల్ టీము రెయిడర్స్ కోసం సెంటర్ ఫీల్డ్ వెనక కట్టిన కాంక్రీటు కొండ వల్ల అంతకుముందు కనపడే కొండలు కనపడకుండా పోయాయి. కొత్త స్టేడియం కావాలనడంలో తప్పేం లేదు. 2006లో మా ఫ్రీమాంట్‌లోనే కడతామన్నారు. మా ఇంటికి పది నిమిషాలు! మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది ట్రాఫిక్ అని గోల పెడితే నేను మాత్రం మ్యాపు ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించాను. 2009లో అది వదిలేశారు. తర్వాత శాన్ హోసే అన్నారు. ఆ ఊరి హక్కులు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌వి. 1990ల మొదట్లో ఏస్ అప్పటి యజమాని వాల్టర్ హాస్ పక్కవాళ్లకి మర్యాదగా వదిలిన హక్కులవి, తిరిగి రాలేదు. తర్వాత ఓక్లాండ్ రేవులో హోవర్డ్ టెర్మినల్ అన్నారు. ఊరు కూడా ఫైళ్లు నిదానంగానే కదిపింది, అది ఒప్పుకోవాలి. 2023 ఏప్రిల్‌లో పొద్దున లేచేసరికి లాస్ వెగాస్‌లో స్థలం చూసుకున్నామన్న వార్త.

ఇవన్నీ నడుస్తుండగా పై అంతస్తు సీట్ల మీద చాలా ఏళ్లు పచ్చ టార్పాలిన్ కప్పి ఉంచారు. ఖాళీ సీట్లు కనపడకూడదట. పెళ్లికి పిలిచి, మీరెలాగూ రారులే అని విస్తళ్లు ఎత్తేసినట్టుండేది. 2017లో తీశారు. తీసినప్పుడు నిజంగానే పండగ చేసుకున్నాం, పిచ్చివాళ్లం.

2022 మార్చిలో, వారం తిరక్కుండా బాసిట్, ఓల్సన్, మ్యాట్ చాప్‌మన్ వెళ్లిపోయారు. ఏప్రిల్లో షాన్ మనాయా, డిసెంబర్‌లో షాన్ మర్ఫీ. సెమియెన్ అప్పటికే ఫ్రీ ఏజెంట్‌గా పోయాడు. మేనేజర్ బాబ్ మెల్విన్‌ని ఒప్పందం ఉండగానే శాన్ డియాగోకి వెళ్లనిచ్చారు. పైకి చూస్తే పాత బీన్ పద్ధతే. ఆర్బిట్రేషన్ పెరిగింది, కుర్రాళ్లను తెచ్చుకుందాం అని. కానీ అంతకుముందు ప్రతి ట్రేడ్ అయ్యాక నేను కొత్త కుర్రాళ్ల పేర్లు వెతికేవాణ్ని. వీడు రెండేళ్లలో వస్తాడు, వాడికి మూడేళ్లు పడుతుంది అని మా అబ్బాయికి చెప్పేవాణ్ని. ఈసారి ఓల్సన్ పోయిన రోజు వాడు, అప్పటికి పదేళ్లు, "నాన్నా, వాళ్లు పెద్దయ్యేసరికి మన టీము ఇక్కడుంటుందా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ప్రాస్పెక్ట్, అంటే ఇంకా ఎదగాల్సిన కుర్రాడు, రేపటి మాట కదా. ఇవాళ్టి హీరోని తీసుకుని రేపటి చీటీ చేతిలో పెడతారు. ఆ చీటీ ఏ ఊళ్లో చెల్లుతుందో చెప్పకపోతే దాన్నేం చేసుకోను? 2022లో 102 ఓటములు, 2023లో 112. విత్తనాల వడ్లు దంచుకు తిన్న ఇల్లులా ఉండేది స్టేడియం.

అందుకే 2023 జూన్ 13 మంగళవారం ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్లాను. ఫ్యాన్సే పిలుపిచ్చారు: బాయ్‌కాట్‌కి రివర్సులో, అందరం వచ్చి నింపుదాం, జనం లేక పోతున్నామన్న మాట అబద్ధమని చూపిద్దాం అని. అప్పటికి 50 ఓడిన టీముకి 27,759 మంది వచ్చారు. 'సెల్' (అమ్మేయ్) అని రాసిన పచ్చ చొక్కాలు పార్కింగ్‌లో ఊరికే పంచారు. ఐదో ఇన్నింగ్స్ మొదట్లో స్టేడియం అంతా ఒక్కసారి నోరు మూసుకుంది. క్యాచర్ గ్లవ్‌లో బంతి పడ్డ చప్పుడు నాకు పైవరసలో వినపడింది. ఆ తర్వాత 'టీమును అమ్మేయ్' అని కేక లేచింది చూడండి, పక్క సీట్లో పెద్దాయన చేతిలో బీరు వణికింది. ఆ రోజు లీగ్‌లో టాప్‌లో ఉన్న టాంపాని 2-1తో ఓడించాం, వరసగా ఏడో గెలుపు. అదే రోజు నెవాడా సెనేట్ వెగాస్ స్టేడియానికి 38 కోట్ల డాలర్ల ప్రజాధనం ఇచ్చే బిల్లు పాస్ చేసింది. రెండు రోజులకి గవర్నర్ సంతకం. నవంబర్‌లో మిగతా ఓనర్లంతా ఏకగ్రీవంగా ఊఁ అన్నారు.

ఓనర్లు ముప్ఫై మంది. ఫ్యాన్స్‌కి ఓటు లేదు. హైదరాబాదు వాళ్లకి ఈ బాధ కొత్త కాదు. 2009లో కప్పు గెలిచిన డెక్కన్ చార్జర్స్ 2012లో బోర్డు ఒక్క నిర్ణయంతో మాయమైంది. కానీ అక్కడ మరుసటి సీజన్‌కే సన్‌రైజర్స్ వచ్చింది. ఓక్లాండ్‌కి ఎవరూ రాలేదు. బాస్కెట్‌బాల్ వారియర్స్ 2019లో, రెయిడర్స్ 2020లో పోయారు, మిగిలింది మేమే.

2024 సెప్టెంబర్ 26, గురువారం మధ్యాహ్నం, ఆఖరి ఆట. 46,889 మంది. టెక్సస్ మీద 3-2 గెలుపు. మొదటి బంతి వేసింది ఎవరనుకున్నారు? జె.టి. జిన్. రస్సెల్ ఇస్తే సమార్జా, సమార్జా ఇస్తే బాసిట్, బాసిట్ ఇస్తే జిన్. పదేళ్ల పద్దు మైదానం మధ్యలో మట్టి గుట్ట మీద నిలబడి ఉంది. ఇంత తెలివిగా అల్లుకొచ్చిన టీము అని ఒకపక్క గర్వం, మరోపక్క కోపం. మా అబ్బాయికి చెబుదామని తిరిగితే వాడు కళ్లు తుడుచుకుంటున్నాడు, ఊరుకున్నాను.

సరే, మార్కులు. ట్రేడులు చేసిన బుర్రకి పదికి ఏడున్నర. డొనాల్డ్‌సన్ దగ్గర రెండు కోసేశాను, హాలిడే దగ్గర అర. యాజమాన్యానికి వేయను. హాజరు పట్టీలో కనపడనివాడి పేపరు ఎలా దిద్దుతాం?

ఇప్పుడు వాడొచ్చా అంటే, వేసవిలో ఒకసారి వెస్ట్ శాక్రమెంటో వెళ్లి చూశాను. టీము ఇప్పుడు ఆడేది అక్కడే, పద్నాలుగు వేల మంది పట్టే మైనర్ లీగ్ (కింది స్థాయి) గ్రౌండు. పేరులో ఊరు లేదు, ఉత్త 'అథ్లెటిక్స్'. ఆట మాత్రం బాగుంది, అదే మంట. నిక్ కర్ట్స్ 2025లో రూకీ ఆఫ్ ద ఇయర్, కొత్త కుర్రాళ్లలో మేటి. మేసన్ మిల్లర్‌ని శాన్ డియాగోకిచ్చి పద్దెనిమిదేళ్ల లియో డి వ్రీస్‌ని తెచ్చారు. చేతిలో పెన్ను ఉంటే నేనూ సంతకం పెట్టేవాణ్ని. వాడు పెద్దయ్యేది వెగాస్‌లో. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నిక్షేపంగా చూసుకోండి. నావల్ల కాదు.

మేం ఇప్పుడు వెస్ట్ ఓక్లాండ్‌లో రైమాండీ పార్కుకి వెళ్తున్నాం. 2024లో మొదలైన ఓక్లాండ్ బాలర్స్, చిన్న లీగు. ఫ్యాన్స్‌కి కూడా వాటాలు అమ్మారు. 2025లో కప్పు కొట్టారు కూడా. షాపు దగ్గర జెర్సీ తీసుకుంటుంటే వెనక పేరు వేయమంటారా అని అమ్మాయి అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ వద్దంది.