హెర్నియా ఆపరేషన్‌కు ఈఎస్‌ఐ అనారోగ్య భృతి ఎంతవరకు అక్కరకొస్తుంది?
ముందే తేదీ ఖరారైన హెర్నియా ఆపరేషన్‌కు సెలవు పెట్టవలసి వచ్చినప్పుడు, జీతం పోతుందన్న నా బెంగను చాలావరకు తీర్చినది ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) అనారోగ్య భృతి. నెల వేతనం రూ.21,000 మించని ఉద్యోగికి, ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా జమై ఉంటే, ఏడాదికి 91 రోజుల వరకు సగటు దినవేతనంలో 70 శాతం బ్యాంకు ఖాతాలో పడుతుంది. డిశ్చార్జి చీటీ ఒక్కటే చాలదు. విశ్రాంతి ఎన్నాళ్లో, తిరిగి పనికి ఎప్పుడు వెళ్లవచ్చో డాక్టరు రాసిచ్చే ధ్రువపత్రాలను విడిగా అడిగి తీసుకోవాలి. మొదటి రెండు రోజులకు సాధారణంగా భృతి ఉండదన్న నిబంధన మాత్రం, ఇలాంటి శస్త్రచికిత్సల విషయంలో, నాకు అర్థం లేనిదిగా తోచింది. మా కంపెనీ హెచ్‌ఆర్ ఉద్యోగి అయితే సొంత సెలవులు ముందు వాడుకోమన్నారు గాని, జీతంతో కూడిన సెలవు రోజులకు ఈ భృతి రాదన్న సంగతి చెప్పనే లేదు.