పైన్ స్ట్రా: ఎన్ని బేళ్లు తెప్పించుకోవాలి?

అమెరికాలోని జార్జియా, కరోలినాల్లో ఇంటి చుట్టూ మొక్కల దగ్గర నేల కప్పడానికి చెక్క మల్చ్ (చెక్క పేళ్ల పొర) కంటే పైన్ స్ట్రాయే, అంటే రాలి ఎండిన పైన్ చెట్టు సూదుల్లాంటి ఆకులే మేలని ఏళ్ల తరబడి వాడి చెబుతున్నాను. సూదులు ఒకదానికొకటి చిక్కుకుంటాయి కాబట్టి వాలు నేలలో గట్టి వాన పడ్డా అంత తేలిగ్గా కొట్టుకుపోదు. ఇబ్బందల్లా లెక్క దగ్గరే.

ఒక బేల్, అంటే తాళ్లతో కట్టిన మోపు, 50 చదరపు అడుగులకు సరిపోతుందని అమ్మేవాళ్లు చెప్పేది పల్చగా పరిస్తేనే. పరిచిన రోజు 4 అంగుళాలుండే పొర నాలుగు వానలు పడేసరికి బాగా అణిగిపోతుంది. అణిగాక 2 అంగుళాల కంటే తగ్గిందా, కలుపు పైకొచ్చేస్తుంది. అందుకే కొత్త మడికి మామూలు చదరపు బేల్‌ను 35 చదరపు అడుగులకే లెక్కేస్తాను. గుండ్రటి చుట్టలైతే సైజులు రకరకాలు. ఎన్ని చదరపు బేళ్లకు సమానమో అడగందే కొనకండి.

40 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు మడి అంటే 240 చదరపు అడుగులు. వంకరగా ఉంటే నాలుగు చోట్ల వెడల్పు కొలిచి సగటు తీయండి. చెట్టు చుట్టూ 8 అడుగుల వ్యాసమున్న పాదు మరో 50. మొత్తం 290ని 35తో భాగిస్తే 8.3, అంటే 9 బేళ్లు. దట్టంగా అల్లుకున్న పొదల కింద పరవం కాబట్టి ఆ చోటు ముందే తీసేయండి. మరుసటి ఏడు పాత పొరను రేక్‌తో గుల్ల చేసి పైన వేస్తే ఇందులో సగం చాలు.

ఏ రకం పైన్ చెట్టుదో కూడా చూడాలి. లాంగ్‌లీఫ్ సూదులు అడుగు దాకా, కొన్ని అంతకు మించి ఉంటాయి, ధర ఎక్కువైనా రంగు, మన్నిక బాగుంటాయి. లాబ్లాలీ పొట్టిది, త్వరగా చివికిపోతుంది.

తాళ్లు కోశాక గడ్డలు గడ్డలుగా పడేస్తే ఎన్ని బేళ్లున్నా చాలవు. చేత్తో విదిలించి పరచాలి. మడి అంచున పొడుగు సూదుల్ని రేక్ వెనక వైపుతో లోపలికి మడిచి నొక్కితే గడ్డి మీదికి రాలవు. కాండానికి ఆనించకండి, కుళ్లుతుంది. ఎండిన సూదులు ఇట్టే అంటుకుంటాయి, గ్రిల్ దగ్గర, చెక్క గోడ పక్కన వద్దే వద్దు. అక్కడ గులకరాళ్లు పోసి ఆ అడుగుల్ని లెక్కలోంచి తీసేయండి.