పార్కా, చుట్టాలిల్లా, మాలా: పిల్లల తల్లికి ఏ షికారు మేలు?

నా స్నేహితురాలు పార్కు బెంచీ మీద కూర్చుని తన ఉద్యోగ ఇంటర్వ్యూ సంగతి మొదలుపెట్టింది. "లోపలికి వెళ్లి కూర్చోగానే ఆ పెద్దాయన నన్ను అదోలా చూసి..." అన్నంతలో మా చిన్నవాడు జారుడుబల్ల మెట్లు వదిలేసి, జారే వైపు నుంచి పైకి పాకడం మొదలుపెట్టాడు. పరుగెత్తాను. నేను తిరిగి వచ్చేసరికి ఆమె తన కూతురి బూటులో నిండిన ఇసుక దులుపుతోంది. మళ్లీ కూర్చున్నాం. "ఎక్కడ ఆపాను? ఆ, పెద్దాయన..." ఈసారి ఇద్దరు పిల్లలకూ ఒకేసారి దాహం వేసింది. గంటన్నర అలాగే గడిచిపోయింది. పెద్దాయన ఎందుకలా చూశాడో తెలియకుండానే ఇంటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం బాగా గడిచిందా అంటే, గడిచిందనే చెప్పాలి. పిల్లలు ఒళ్లు అలిసేలా ఆడి తొందరగా నిద్రపోయారు. స్నేహితురాలిని కలిశానా అంటే మాత్రం సమాధానం చెప్పలేను. పక్కపక్కన కూర్చున్నాం, అంతే.

ఒక్క షికారులోనే పిల్లల ఆట, స్నేహం, చుట్టరికం, మన విశ్రాంతి అన్నీ తీరిపోవాలని ఆశపడతాం. ఒక్కటీ సరిగా తీరదు. అందుకే ఇప్పుడు ఎక్కడికి బయలుదేరినా ముందు రెండు విషయాలు చూసుకుంటున్నాను. అక్కడ పిల్లల మీద ఎవరి కన్ను ఉంటుంది? తిరిగి వచ్చాక ఇంట్లో నాకోసం ఎంత పని కాచుకుని ఉంటుంది?

పిల్లల వైపు నుంచి చూస్తే పార్కుకు పోటీ లేదు. మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు 180 నిమిషాలు ఏదో ఒక రూపంలో కదులుతూ ఉండాలని, అందులో కనీసం 60 నిమిషాలు ఒంట్లో చురుకు పుట్టించే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మూడు గంటల కదలిక నాలుగు గోడల మధ్య కుదరాలంటే సోఫా స్ప్రింగులు లేచిపోవాలి. కంటి చూపు సంగతి కూడా ఉంది. ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి, అంటే దూరంలో ఉన్నవి మసకగా కనిపించే సమస్య, వచ్చే అవకాశం తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. తైవాన్ 2010లో బడి పిల్లలు రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉండాలని ఒక కార్యక్రమమే చేపట్టింది. అంతవరకూ ఏటేటా పెరుగుతూ వచ్చిన చూపు సమస్య ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. పైగా పార్కు నుంచి తిరిగి వచ్చాక బట్టలు, బూట్లు దులుపుకోవడమే పని. ఎండ ముదిరిన వేళ మాత్రం వద్దు. ఉదయం పది లోపో, సాయంత్రం నాలుగు దాటాకో వెళితే మంచిది.

అయితే ఒక్కదాన్నే ఇద్దరు పిల్లలతో వెళితే అది షికారు కాదు, కాపలా. ఇంకో కుటుంబం తోడుంటే పార్కు మరోలా ఉంటుంది. నాలుగైదు కుటుంబాలు కలిస్తే ఇంకా సులువవుతుందని నేనూ అనుకునేదాన్ని. కాదు. ఎనిమిది మంది పెద్దవాళ్లున్న చోట ప్రతివాళ్లూ పక్కవాళ్లు చూస్తున్నారనే ధీమాతో ఉంటారు. కొలను గట్టునో, ఈతకొలను పక్కనో ఇది ప్రాణాంతకం. నీళ్లలో మునిగే పిల్లలు చాలాసార్లు కేక పెట్టరు, చేతులు ఊపరు, చప్పుడు లేకుండా క్షణాల్లో జారిపోతారు. అందుకని ఎంతమంది వెళ్లినా వంతులు వేసుకుంటాం. ఇరవై నిమిషాలు నీ వంతు, తర్వాత ఇరవై నిమిషాలు నాది. వంతులో ఉన్నవాళ్లు ఫోను ముట్టకూడదు, కబుర్లకు కూర్చోకూడదు. మొదట్లో ఇదేదో పరేడ్‌లా ఉందని మా వదిన నవ్వింది. ఇప్పుడు గడియారం చూసి "వదినా, నీ వంతు అయిపోయింది, ఇలా వచ్చి కూర్చో" అని పిలిచేది ఆమే.

బంధువుల ఇల్లు పిల్లల వయసును బట్టి వరమో, శిక్షో అవుతుంది. రెండేళ్లలోపు పిల్లలున్నవాళ్లకు నేనైతే పార్కుకన్నా ఇదే మేలంటాను. ఏడాది, రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. ఆ కునుకు వేళకు తలుపు దగ్గరగా వేసుకునే గది, బట్టలు మార్చే మంచం, పాలిచ్చే చాటు పార్కులో ఎక్కడ దొరుకుతాయి? ఇంట్లో అమ్మమ్మో, పెద్దమ్మో ఉంటే ఎత్తుకునే చేతులకు కొదవే ఉండదు. నడక నేర్చిన పిల్లవాడితో అదే ఇంటికి వెళ్లి చూడండి. హాలు మధ్యలో అద్దాల బల్ల, దాని మీద నెమలి బొమ్మ. "పరవాలేదు, ఆడుకోనీ అమ్మా" అని ఆ ఇంటావిడ నోటితో అంటుంది. చూపు మాత్రం నెమలి మీదనుంచి కదలదు. నా చూపు పిల్లవాడి మీద, పిల్లవాడి చూపు నెమలి మీద. ఇక మాటలు ఎక్కడివి?

అందుకే చుట్టాలిళ్లలో నేను ఒక తేడా పాటిస్తాను. మా పిల్లల ఈడు పిల్లలున్న ఇంటికి ఎంతసేపైనా వెళతాను. పిల్లలు లేని ఇంటికి గంట దాటి ఉండను, లేదా వాళ్లనే పార్కుకు రమ్మంటాను. మా అత్తగారి అక్కయ్యకు ఈ పద్ధతి మొదట నచ్చలేదు, ఇంటికి రాకుండా పార్కేమిటని చిన్నబుచ్చుకున్నారు. ఒకసారి వచ్చి, మనవడికి గాలిపటం ఎగరేయడం నేర్పాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

మనమే వాళ్లను ఇంటికి పిలిస్తే? సంచీ సర్దే పని తప్పుతుంది. కానీ వాళ్లు వచ్చే ముందు ఒకసారి, వెళ్లాక ఒకసారి ఇల్లు ఊడ్చే పని నెత్తిన పడుతుంది. ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా చూపించగలిగినంత చనువున్న స్నేహితులైతేనే ఇది లాభం.

మాల్ గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా లేదు. వానకు, మండే ఎండకు ఆశ్రయం, శుభ్రమైన మరుగుదొడ్డి, చంటిపిల్లకు పాలివ్వడానికి కొన్నిచోట్ల ప్రత్యేకంగా గది. ఆ మేరకు మేలే. పిల్లలు పరుగెత్తడానికి వీల్లేదు, అడుగడుగునా ఏదో ఒకటి కొనమని అడిగే వస్తువులే. వద్దు వద్దని చెప్పీ చెప్పీ గొంతు ఎండిపోతుంది.

రోజంతా పట్టే కుటుంబ ప్రయాణాన్ని ఫోటోల్లో చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆ ఫోటోల్లో సంచీ కనిపించదు. రెండు జతల బట్టలు, తడి తువ్వాలు, టోపీలు, మంచినీళ్లు, మందులు, జిగురు పట్టీలు, ఒక బొమ్మ, ఆ బొమ్మ మరిచిపోతే ఏడుపు. తిండి విషయంలో మరీ జాగ్రత్త కావాలి. వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. అంటే పొద్దున సర్దిన డబ్బా మధ్యాహ్నం తెరవడానికి పనికిరాదు, దాన్ని చల్లగా ఉంచే ఏర్పాటు లేకపోతే. కారులో వెళితే ఇంకో సంగతి. "ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తా" అని పిల్లను కారులో వదిలి దిగే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రోజే మానేయాలి. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే వేడి దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది, కిటికీ కాస్త దించినా పెద్ద తేడా ఉండదు.

ఇంత చేసి రాత్రి ఇల్లు చేరాక అందరూ "అబ్బ, ఎంత బాగుందో" అంటూ మంచం ఎక్కుతారు. సంచీలోంచి తడి బట్టలు తీసేది ఒక్కరే. మా ఇంట్లో ఇప్పుడు వెళ్లేటప్పుడు సంచీ సర్దేది నేను, వచ్చాక విప్పేది మా ఆయన. మొదటిసారి అది మూడు రోజులు తలుపు దగ్గరే పడి ఉంది. నేను ముట్టుకోలేదు. నాలుగోరోజు వాసన వచ్చింది, విప్పారు. ఈ ఒప్పందం ఉన్నంతవరకు మూడు నాలుగు నెలలకోసారి పెద్ద ప్రయాణానికి నేను సిద్ధమే. లేకపోతే నా లెక్కలో దానిది ఆఖరి స్థానం.

ఇక మిగిలింది, తల్లులు అన్నిటికన్నా ముందు వదులుకునేది: పిల్లలు లేకుండా స్నేహితురాలితో బయటికి వెళ్లడం. కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఆసక్తికరమైన అంకెలున్నాయి. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు, గట్టి స్నేహానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలట. పనిచేసే చోట పక్కపక్కన గడిపిన గంటలు దీనికి అంతగా అక్కరకు రావట. పార్కు బెంచీ మీద తెగిపోయే కబుర్ల గంటలను ఏ ఖాతాలో వేయాలో ఆయన చెప్పలేదు. నా అనుభవంలో అవి పనివేళల కిందికే వస్తాయి.

కొత్త స్నేహం మాట అటుంచి, ఉన్న స్నేహం నిలవడానికి కూడా మాట పూర్తయ్యే సమయం కావాలి. దానికి సినిమాలూ హోటళ్లూ అక్కర్లేదు. నడక చాలు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం ఉండాలన్నది కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటే. మూడు రోజులు యాభై నిమిషాల చొప్పున నడిస్తే ఆ లెక్క తీరిపోతుంది. సంచీ అక్కర్లేదు, ఖర్చు లేదు, తిరిగి వచ్చాక కడగాల్సినవేమీ ఉండవు. పిల్లల మీద కన్ను ఇంట్లో వాళ్ల నాన్నది. వారం ముందు నుంచి చెప్పి, బతిమాలి, కుదిరితే వెళ్లడం కాకుండా, మంగళ, గురు, శనివారాలని పెట్టుకున్నాం. మొదటి రోజు పది నిమిషాలకోసారి ఫోను చూసుకున్నాను. రెండో వారానికి దాన్ని ఇంట్లో ఛార్జింగులో వదిలి వెళ్లాను.

కాబట్టి నాకు వారానికి రెండుసార్లు ఇంకో కుటుంబంతో పార్కు, మూడు రోజులు నడక. మిగతావి తర్వాత. కాలో నడుమో సహకరించనివాళ్లు నడక బదులు ఒకచోట కూర్చున్నా చాలు, పిల్లలు మాత్రం ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

ఇంటర్వ్యూ సంగతి మూడో నడకలో తెలిసింది. ఆ పెద్దాయన ఆమెను అదోలా చూసి, ఎంతో మర్యాదగా, "అమ్మా, మీరు కూర్చున్నది నా కుర్చీ" అన్నాడట. ఇద్దరం దారి మధ్యలో ఆగిపోయి కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాం. ఉద్యోగం వచ్చిందా అని అడగడం ఇంటి గుమ్మం దాకా వచ్చాక గానీ నాకు గుర్తు రాలేదు.