గ్లైకోప్రోటీన్ బీ మోనోక్లోనల్ యాంటీబాడీ: నెల్లూరులో ఏడాది వాడిన తర్వాత

పశువుల్లో ఐబీఆర్ అనే ముక్కు, శ్వాసనాళాల వ్యాధిని కలిగించే బొవైన్ హెర్పిస్ వైరస్-1 మీద పనిచేసే చిన్న ప్రయోగశాల మాది. ఈ వైరస్ పైపొరలో ఉండే గ్లైకోప్రోటీన్ బీని గుర్తించడానికి ఒక విదేశీ సంస్థ తయారుచేసిన మోనోక్లోనల్ యాంటీబాడీని (ఒకే లక్ష్యాన్ని అంటిపెట్టుకునే, ఒకే కణపు సంతతి నుంచి వచ్చే ప్రోటీన్) చెన్నైలోని పంపిణీదారు ద్వారా తెప్పించుకొని ఏడాదిగా వాడుతున్నాము. ఎలుక నుంచి తీసిన ఐజీజీ2ఏ (ఐజీజీ తరగతి యాంటీబాడీల్లో ఒకటి) రకానికి చెందిన ఈ యాంటీబాడీ 100 మైక్రోగ్రాముల సీసాలో, మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము గాఢతతో వస్తుంది. ప్రోటీన్లను జెల్‌లో పరిమాణం వారీగా వేరుచేసి, పొర మీదకు ఎక్కించి, యాంటీబాడీతో గుర్తించే వెస్టర్న్ బ్లాట్ కోసమైతే నిస్సంకోచంగా కొనవచ్చు. ఫార్మలిన్‌లో నిలవచేసిన కణజాలం మీద వాడాలనుకుంటే కొనకపోవడమే మంచిది.

ఈ వైరస్ మా ప్రాంతానికి పరాయిది కాదు. ప్రకాశం జిల్లా పేరు మోసే ఒంగోలు జాతి, బ్రెజిల్‌కు వెళ్లి మన ఊరి పేరుతోనే నెలోర్‌గా పెరిగిన జాతి, ఒక్క మూలం నుంచి వచ్చినవే. అటువంటి మేలుజాతి ఆబోతుకు ఒకసారి ఈ వైరస్ సోకితే అది ముఖంలోని నాడీముడుల్లో జీవితాంతం దాగి ఉంటుంది. పశువు ఒత్తిడికి లోనైనప్పుడు మళ్లీ మేల్కొంటుంది, వీర్యం ద్వారా కూడా వ్యాపిస్తుంది. పాడి రైతులు ‘ఈసుకుపోయింది’ అని దిగులుగా చెప్పుకొనే గర్భస్రావాల్లో కొన్నింటి వెనుక ఈ వైరస్ ఉంటుంది. అందువల్ల దాని ప్రోటీన్లను కచ్చితంగా గుర్తించగల పరికరం మాకు అలంకారం కాదు, అవసరం.

మొదటి బ్లాట్ మమ్మల్ని కలవరపెట్టింది. వైరస్ సోకిన ఎండీబీకే కణాల (ఆవు మూత్రపిండం నుంచి పెంచినవి) నమూనాలో, సీసాతో వచ్చిన కరపత్రం చెప్పిన 130 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) బ్యాండుతో పాటు 55 దగ్గర మరొకటి, అంతకంటే చిక్కగా కనిపించింది. వైరస్ సోకని కణాల వరుసలో రెండూ లేవు. యాంటీబాడీ నాసిరకమేమోనని అనుమానించి, పంపిణీదారుకు ఫిర్యాదు రాయడానికి కూడా సిద్ధమయ్యాము. నిజానికి తప్పు యాంటీబాడీది కాదు. గ్లైకోప్రోటీన్ బీ కణంలో తయారైన తర్వాత ఫ్యూరిన్ అనే ఎంజైమ్ దానిని సుమారు 74, 55 కిలోడాల్టన్ల రెండు ముక్కలుగా కోస్తుంది; ఆ ముక్కలను డైసల్ఫైడ్ బంధాలు కలిపి ఉంచుతాయి. మెర్కాప్టోఇథనాల్ కలిపిన నమూనాలో ఆ బంధాలు తెగిపోయి ముక్కలు విడివిడిగా పరుగెత్తుతాయి. మోనోక్లోనల్ యాంటీబాడీ ప్రోటీన్ మీద ఒకే ఒక చోటును గుర్తిస్తుంది కనుక, కోతకు గురికాని పూర్తి ప్రోటీనునూ, తన చోటు ఉన్న ఒక ముక్కనూ మాత్రమే చూపుతుంది. కోలర్, మిల్‌స్టైన్ 1975లో ప్రకటించిన, యాంటీబాడీ చేసే కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి పెంచే హైబ్రిడోమా పద్ధతికి ఇంత విలువ రావడానికి కారణం ఈ ఒకేచోటు గుణమే. అదే నమూనాను మెర్కాప్టోఇథనాల్ లేకుండా నడిపినప్పుడు 55 దగ్గరి బ్యాండు మాయమై, 130 దగ్గర ఒక్కటే నిలిచింది. ఈ విషయాన్ని కరపత్రంలో రెండు వాక్యాలు రాసి ఉంటే మాకు మూడు వారాల శ్రమ, ఒక జెల్ పెట్టె నిండా రసాయనాలు మిగిలేవి. ఇంత మంచి సరుకుకు అంత పేద కరపత్రం జతచేయడం నాకు బాధ కలిగించింది.

బ్లాకింగ్, అంటే యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా పొరను ముందే వేరే ప్రోటీన్‌తో కప్పడం, విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఆవు పాలపొడిలోనూ, కణాలను పెంచే దూడ పిండపు సీరంలోనూ ఆవు ఐజీజీ ఉంటుంది. మన యాంటీబాడీని కనిపించేలా చేయడానికి వేసే, ఎలుక ఐజీజీని పట్టుకునే ద్వితీయ యాంటీబాడీ ఆవు ఐజీజీని కూడా కొంత పట్టుకునే రకమైతే పొర మొత్తం మసకబారుతుంది. మేము ఆవు ప్రోటీన్లతో చర్య లేకుండా శుద్ధిచేసిన ద్వితీయ యాంటీబాడీకి మారి, పాలపొడి స్థానంలో చేప జెలటిన్ వాడిన తర్వాత నేపథ్యం శుభ్రపడింది. 1:2000 డైల్యూషన్ వద్ద రాత్రంతా 4 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచితే చాలు. 1:500 అని కరపత్రం సూచించిన మోతాదు వృథా.

యాంటీబాడీకి వెలిగే రంగు జతచేసి కణంలో ప్రోటీన్ ఎక్కడుందో చూసే ఇమ్యునోఫ్లోరసెన్స్‌లో ఫలితం అందంగా వచ్చింది. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరచి, కణాలకు రంధ్రాలు చేయకుండా చూసినప్పుడు వెలుగు కణపు అంచున మెరిసింది. ట్రైటాన్ అనే డిటర్జెంట్ వాడి లోపలికి దారి ఇచ్చినప్పుడు కేంద్రకం పక్కన, ప్రోటీన్ తయారై సాగే దారిలో గుంపుగా కనిపించింది. గ్లైకోప్రోటీన్ ఎక్కడ ఉండాలో అక్కడే కనిపించడం కన్నా మంచి సాక్ష్యం లేదు. ద్వితీయ యాంటీబాడీ మాత్రమే వేసిన కంట్రోల్ చీకటిగానే ఉంది.

ఫార్మలిన్‌లో ఉంచి పారాఫిన్‌లో పొదిగిన కణజాలంలో మాత్రం నిరాశే మిగిలింది. సిట్రేట్ బఫరులో వేడిచేసి ప్రయత్నించినా సిగ్నల్ బలహీనంగానే ఉంది. కరపత్రం మీద ఆ ఉపయోగాన్ని గుర్తించి ముద్రించడం సరికాదని నా అభిప్రాయం.

కొనేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మెదడువాపు కలిగించే బొవైన్ హెర్పిస్ వైరస్-5లోనూ గ్లైకోప్రోటీన్ బీ చాలావరకు ఇదే పోలికతో ఉంటుంది కనుక, రెండింటినీ వేరుచేయడానికి ఈ యాంటీబాడీపై ఆధారపడకూడదు. టీకా వేసిన పశువును సహజంగా వైరస్ సోకిన పశువు నుంచి వేరుచేయాలంటే గ్లైకోప్రోటీన్-ఈ (gE) అనే మరో ప్రోటీన్‌కు సంబంధించిన పరీక్షే శరణ్యం. ఇలా వేరుచేయడానికి వీలుగా తయారుచేసే గుర్తింపు టీకాల్లో తొలగించేది ఆ ప్రోటీన్‌నే. మేము తదుపరి కొనేది కూడా దాని యాంటీబాడీనే.

ఎండాకాలంలో తెప్పించుకునేవారు శుక్రవారం ఆర్డరు పెట్టవద్దు. చెన్నై నుంచి వచ్చిన పెట్టె మాకు ఒకసారి ఆదివారమంతా గిడ్డంగిలో ఉండిపోయి, మంచు కరిగిన స్థితిలో అందింది. అదృష్టవశాత్తు ఆ సీసా పనిచేసింది, కానీ రెండవ లాటు (తయారీ విడత) సీసా తెరిచినప్పుడు 1:2000 వద్ద సిగ్నల్ సగానికి పడిపోవడంతో డైల్యూషన్‌ను 1:1000కు మార్చవలసి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి కొత్త లాటునూ పాత లాటు పక్కన ఒకే పొర మీద నడిపి చూసిన తర్వాతే, చిన్న ట్యూబుల్లో పంచి, మంచు తనంతట తాను కరిగించుకోని ఫ్రీజర్‌లో మైనస్ 20 డిగ్రీల వద్ద దాచుతున్నాము. విద్యుత్ పోయినప్పుడు తలుపు తెరవకూడదని ఆ ఫ్రీజర్ మీద కాగితం అంటించాము.